అంగన్‌వాడీ యాప్‌ల రూపకల్పనలో కార్యకర్తలకూ తల్లులకూ చోటివ్వండి

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు,
పోషణ్ ట్రాకర్‌ను తీర్చిదిద్దుతున్న సాంకేతిక బృందాలకు

నమస్కారాలతో,

లబ్ధిదారుల పేర్లూ పిల్లల బరువులూ సరుకుల పంపిణీ నమోదు చేయడానికి అంగన్‌వాడీ కేంద్రాల్లో వాడే పోషణ్ ట్రాకర్ యాప్ గురించీ, దానికి తోడుగా రాష్ట్రాలు పెట్టుకున్న యాప్‌ల గురించీ ఈ లేఖ రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ రూపకల్పన నా వృత్తి. ఏ తెర తర్వాత ఏ తెర రావాలి, ఏ గడి తప్పనిసరిగా నింపాలి, పొరపాటు జరిగితే దిద్దుకునే దారి ఏమిటి అన్నవి నిర్ణయించడం నా రోజువారీ పని. ఆ పని తెలిసిన వ్యక్తిగా మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఈ యాప్‌లలో ఇకపై చేయబోయే ప్రతి ముఖ్యమైన మార్పునూ, అది ఉత్తర్వుగా వెలువడక ముందే, దాన్ని రోజూ వాడే కార్యకర్తలతోనూ దాని మంచిచెడులు అనుభవించే తల్లులతోనూ కూర్చొని రూపొందించండి. వారు కుదరదన్నదాన్ని ఆపగలిగే అధికారం కూడా వారికి ఇవ్వండి.

1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) నేడు దేశమంతటా దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలకు విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 55,607, తెలంగాణలో 35,700 కేంద్రాలు ఉన్నాయి. 2018 మార్చిలో పోషణ్ అభియాన్ అనే జాతీయ పోషకాహార కార్యక్రమం ఆరంభమయ్యాక కార్యకర్తల చేతికి ఫోన్లు వచ్చాయి, ఐసీడీఎస్-క్యాస్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. కార్యకర్తలు దానికి అలవాటు పడుతుండగానే దాన్ని పక్కనపెట్టి 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్‌ను తెచ్చారు. ఇంటికి తీసుకెళ్లే రేషన్ ఇవ్వడానికి ముఖ గుర్తింపును 2025 జూలై 1 నుంచి తప్పనిసరి చేశారు. ఇన్ని మలుపుల్లో ఏ ఒక్కదానికి ముందైనా ఈ దారి మీకు నడవడానికి వీలుగా ఉంటుందా అని అంగన్‌వాడీ కేంద్రం నడిపే మనిషిని ఎవరైనా అడిగారా అన్నదే నా ప్రశ్న.

సరుకు అసలు లబ్ధిదారుకే చేరాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టడం లేదు. దొంగ పేర్లు తొలగిపోవాలని కార్యకర్తలూ కోరుకుంటారు. అయితే ఆ ఉద్దేశం సరుకు పంచే రోజున కేంద్రంలో ఏ రూపం తీసుకుంటున్నదో చూడండి. గర్భిణికి బాల సంజీవని అనే పోషకాహార కిట్టు గానీ, ఏడాదిన్నర బిడ్డ పేరు మీద బాలామృతం అనే పోషకాహార పిండి ప్యాకెట్టూ గుడ్లూ గానీ ఇవ్వాలంటే ముందుగా ఆధార్‌తో ఈ-కేవైసీ, అంటే ఆన్‌లైన్ గుర్తింపు నిర్ధారణ, పూర్తయి ఉండాలి, అందుకోసం ఆధార్‌కు కలిపిన ఫోనుకు ఓటీపీ రావాలి, ఆపైన ప్రతిసారీ కెమెరా ముందు నిలబడి కళ్లార్పినప్పుడు ముఖం పాత ఫొటోతో సరిపోవాలి. ఆధార్‌కు కలిపిన నంబరు చాలా ఇళ్లలో భర్తది; ఆ సమయానికి అతను పొలంలోనో, భవన నిర్మాణ పనిలోనో, వేరే ఊళ్లోనో ఉంటాడు. ఫోన్ చేసి అడిగితే, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు ఏళ్ల తరబడి చేస్తున్న హెచ్చరిక అతనికి గుర్తుకొస్తుంది, అలా గుర్తుకు రావడం మంచిదే కూడా. పెళ్లికి ముందెప్పుడో దిగిన ఆధార్ ఫొటోకూ, నెలలు నిండి ముఖం ఉబ్బిన నేటి మనిషికీ పోలిక కుదరకపోవచ్చు. పచ్చి బాలింతరాలు ఇల్లు కదలదు; సరుకు కోసం అత్తగారో ఆడపడుచో వస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ గ్రామాల్లో, నల్లమల చెంచు గూడేల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కవలసిన చోట్లు ఇంకా ఉన్నాయి. ఇవేవీ అరుదుగా ఎదురయ్యే చిక్కులు కావు. ఏ సెక్టారులోనైనా (ఒక సూపర్‌వైజరు కిందనున్న కేంద్రాల సమూహం) నలుగురు కార్యకర్తలను కూర్చోబెట్టి, ఇలాంటి పద్ధతి పెడదామనుకుంటున్నాం, మీరేమంటారని అడిగి ఉంటే మొదటి అరగంటలోనే ఇవన్నీ బయటికి వచ్చేవి.

మన ఇళ్లలో తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో వెళ్లిన అమ్మాయి బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా అక్కడే ఉంటుంది; అంటే పోషకాహారం అన్నింటికన్నా అవసరమైన కాలంలో ఆమె పేరు ఒక కేంద్రంలోనూ మనిషి మరో కేంద్రంలోనూ ఉంటారు. పేరును ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చే ఏర్పాటు యాప్‌లో ఉండటం ఒక ఎత్తు, పుట్టింటికి చేరిన వారంలోనే ఆమెకు గుడ్డు అందడం మరో ఎత్తు. ఆదోని ప్రాంతం నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు, పాలమూరు నుంచి పట్నాలకు వలస వెళ్లే కుటుంబాల విషయంలో ఈ దూరం ఇంకా పెద్దది. కాగితం రిజిస్టరు ఉన్నప్పుడు కార్యకర్త ఏం చేసేదో గమనించారా? పేరు పక్కన ఖాళీలో 'పుట్టింటికి వెళ్లింది', 'మిరప కోతకు వెళ్లారు, సంక్రాంతికి వస్తారు' అని రాసుకునేది. పక్క ఊరి అంగన్‌వాడీ టీచరుకు ఫోన్ చేసి, మా అమ్మాయి మీ ఊరు వచ్చింది, కాస్త చూడమని చెప్పేది. 11 రిజిస్టర్లు రాయడం భారమే, అందులో సందేహం లేదు. కానీ ఆ రిజిస్టర్ల అంచుల్లో రాసుకున్న ఆ మాటల్లో ఊరి గురించిన పరిజ్ఞానం ఎంతో ఉంది. గడులను మాత్రమే తెర మీదికి ఎక్కించి అంచులను వదిలేసిన నాడు ఆ పరిజ్ఞానం యాప్‌కు అందకుండా పోయింది. రూపకర్తలు బుద్ధిపూర్వకంగా చేసిన తప్పని నేను అనుకోవడం లేదు. రిజిస్టరు రాసే మనిషి పక్కన కూర్చుంటే తప్ప అంచు విలువ తెలియదు.

ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పాలి. గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం అందడం 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ కింద వారి హక్కు; ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల హక్కు ఐదో సెక్షన్‌లో ఉంది. పార్లమెంటు ఇచ్చిన హక్కు ఒక కెమెరా పోలికలు పట్టగలగడం మీద, ఒక ఓటీపీ సమయానికి రావడం మీద ఆధారపడే స్థితి రాకూడదు. ముఖం కలవనప్పుడు ఏం చేయాలన్నది యాప్‌లో చివరన అతికించే వివరం కాదు. నా వృత్తిలో దాన్నే ముందుగా గీయాలి, ఎందుకంటే అన్నీ సవ్యంగా సాగినప్పుడు ఏ తెరైనా పనిచేస్తుంది.

బరువులూ ఎత్తుల సంగతి మరీ సున్నితమైనది. నెలనెలా బిడ్డను తూచి, ఎత్తు కొలిచి నమోదు చేస్తే ఆ బిడ్డ సామ్‌లో (తీవ్ర లోపపోషణ) ఉందో మామ్‌లో (మధ్యస్థ లోపపోషణ) ఉందో యాప్ లెక్కకట్టి చెబుతుంది. నిజంగా ఉపయోగపడే సౌకర్యం ఇది. కాగితం మీద వృద్ధి పటం గీసే రోజుల్లో జరిగే పొరపాట్లను చాలావరకు తప్పించగలదు. అయితే తీవ్ర లోపపోషణలో ఉన్న పిల్లల సంఖ్య పెరిగిన కేంద్రానికి ముందుగా వచ్చేది ఏమిటన్నది ఆలోచించండి. పోషకాహార పునరావాస కేంద్రంలో మంచమూ, బిడ్డతో ఉండే తల్లికి కూలి నష్టం లేకుండా చూసే ఏర్పాటూ ముందు వస్తే కార్యకర్త ప్రతి బిడ్డనూ నిజాయితీగా తూచి రాస్తుంది. సంజాయిషీ అడిగే ఫోను ముందు వస్తే, తర్వాతి నెల అంకె కాస్త సర్దుకోవడం మొదలవుతుంది. ఏ అధికారీ చెడ్డవాడు కానక్కరలేదు, ఏ కార్యకర్తా అబద్ధాలకోరు కానక్కరలేదు; తెర వెనుక ఉన్న అమరికే అటు నెడుతుంది. ఆ తర్వాత ఢిల్లీలోనూ అమరావతిలోనూ హైదరాబాద్‌లోనూ డ్యాష్‌బోర్డుల మీద కనిపించే పచ్చరంగు ఏ బిడ్డ ఆకలినీ తీర్చదు. ఈ నమోదును ఏ క్రమంలో అడగాలి, నమోదయ్యాక ఎవరికి ఏ కబురు వెళ్లాలి, దాన్ని దేనికి వాడకూడదు అన్నవి కార్యకర్తతో కలిసి తేల్చవలసిన ప్రశ్నలు. వీటిని సాంకేతిక వివరాలుగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

మేం అభిప్రాయాలు తీసుకుంటూనే ఉన్నామని మీరు అనవచ్చు. శిక్షణా తరగతులు పెడుతున్నారు, సందేహాలకు ఫోన్ నంబరు ఇచ్చారు, కొన్నిచోట్ల ముందుగా ప్రయోగాత్మకంగా నడిపి చూశారు. ఇవి అవసరమే. అయితే ఇవన్నీ నిర్ణయం అయిపోయిన తర్వాతి పనులు. శిక్షణ తరగతిలో కార్యకర్త అడగగలిగింది ఈ బటన్ ఎక్కడుందని మాత్రమే. ఈ బటన్ ఎందుకని అడిగే చోటు అది కాదు. ప్రయోగాత్మకంగా నడిపిన చోట కూడా ఎన్ని కేంద్రాలు వాడుతున్నాయన్నది లెక్కలోకి వస్తుంది, ఎందుకు వాడలేకపోతున్నాయన్నది రాదు. మహారాష్ట్రలో 2021లో కార్యకర్తలు నాసిరకం ఫోన్లను తిరిగి అప్పగించి నిరసన తెలిపారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఫోన్లు వెనక్కి ఇచ్చిన సందర్భం ఉంది. యాప్‌లన్నీ కలిపి ఒక్కటి చేయాలని ఇక్కడి సంఘాలు చాలాకాలంగా కోరుతున్నాయి. ఒకే బిడ్డ బరువును, ఒకే గర్భిణి హాజరును కేంద్ర ప్రభుత్వ యాప్‌లో ఒకసారీ రాష్ట్ర ప్రభుత్వ యాప్‌లో ఒకసారీ ఎక్కించవలసి రావడం సంఘం వినతిపత్రం దాకా వెళ్లవలసిన విషయమా? మొదటి రోజున ఒక బల్ల చుట్టూ కూర్చొని ఉంటే అక్కడే తేలిపోయేది.

ఇలా కూర్చోవడం ఎక్కడా జరగనిది కాదు. నార్వేలో 1970ల ఆరంభంలో ఇనుము, లోహ కార్మికుల సంఘం తమ కర్మాగారాల్లోకి వస్తున్న కంప్యూటర్లను అర్థం చేసుకోవడానికి క్రిస్టెన్ నైగార్డ్ అనే శాస్త్రవేత్త సాయం తీసుకుంది. సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించిన ఇద్దరిలో ఆయన ఒకరు. పరిశోధకులు అధ్యయనం చేసి నివేదిక ఇవ్వాలన్నది మొదటి ఆలోచన. దాన్ని మధ్యలోనే మార్చుకొని, స్థానిక సంఘాలు తమంతట తాము చేపట్టగలిగిన పనులనే ఆ ప్రాజెక్టు ఫలితంగా లెక్కించాలని నిర్ణయించారు. కొత్త సాంకేతికత ప్రవేశపెట్టేటప్పుడు కార్మికులకు సమాచారమూ భాగస్వామ్యమూ ఉండాలన్న ఒప్పందాలు 1975 నాటికి ఆ దేశంలో కుదిరాయి. తర్వాత 1981 నుంచి 1985 వరకు నార్డిక్ దేశాల ముద్రణా కార్మికుల సంఘంతో కలిసి యుటోపియా అనే ప్రాజెక్టు నడిచింది. పత్రికల పేజీల కూర్పు కంప్యూటర్లకు మారుతున్న కాలమది. వాళ్లు అనుకున్న యంత్రాలు అప్పటికి బజారులో లేవు. అందువల్ల అట్టపెట్టెలతో ఉత్తుత్తి కంప్యూటర్లూ ప్రింటర్లూ చేసి, వాటి ముందు అక్షరాలు కూర్చే కార్మికులను కూర్చోబెట్టి, పని చేస్తున్నట్టే చేసి చూపమన్నారు. పెట్టెను అటు జరపమనడానికీ, ఈ మీట నాకు అక్కర్లేదనడానికీ ఇంజినీరింగ్ పట్టా అవసరం లేకపోయింది. ఒక తెరను మార్చాలంటే కాగితం చింపి మరోటి అతికిస్తే చాలు. అంగన్‌వాడీ యాప్‌కు కూడా మొదటి నమూనా కాగితం మీదే ఉండాలని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే కోట్ల రూపాయల ఖర్చుతో కోడు రాసేశాక మార్చమని చెప్పడానికి కార్యకర్తకు గొంతు పెగలదు, మార్చడానికి మీకు మనసు రాదు.

మన గడ్డ మీద కూడా ఇందుకు ఆనవాళ్లు ఉన్నాయి. పోచంపల్లి చీర నేతకు ముందు నూలును ఆసు పోయడంలో (మేకుల చుట్టూ చేత్తో చుట్టడంలో) చెయ్యి రోజుకు వేల సార్లు అటూ ఇటూ ఆడించి తల్లి భుజం పడే బాధ చూసి, చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్న ఆ మనిషి మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాడు కాబట్టి దారం ఎక్కడ తెగుతుందో, చెయ్యి ఎక్కడ నొస్తుందో ఎవరినీ అడగవలసిన పని లేకపోయింది. మనలాంటి రూపకర్తలకు ఆ భాగ్యం లేదు గనుక అడిగి తీరాలి. మరొక ఆనవాలు మరింత దగ్గరిది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం దేశానికే మొదలైంది. ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీని ఒక పద్ధతిగా నిలబెట్టి, 2009లో అందుకోసం ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేసింది. కూలీల ఇళ్ల పిల్లలే మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) చదివి, ఊరి సభలో గట్టిగా వినిపించి, రాసిందీ జరిగిందీ సరిచూశారు. లెక్కలు తమకు అర్థం కావని అప్పటిదాకా అనిపించుకున్నవాళ్లు చేసిన పని అది. పని ముగిశాక తనిఖీ చేయగలిగినవాళ్లు పని మొదలుకాకముందు సలహా చెప్పలేరని ఎవరనగలరు?

ఆచరణలో ఇది ఎలా ఉండాలన్నది నాకు తోచినంత చెబుతాను. మొదట, పిలిచే మనుషుల సంగతి. జిల్లాలో బాగా పనిచేస్తున్నారని పేరున్న ఇద్దరు ముగ్గురిని, ఫోను చకచకా వాడగలవారిని పిలిస్తే చాలదు. చదువు తక్కువ ఉన్న, పదవీ విరమణకు దగ్గరైన కార్యకర్త రావాలి, ఆయా రావాలి, కోయ, గోండి, సవర మాట్లాడే ఊళ్ల నుంచి రావాలి, నగరపు మురికివాడలో అద్దె గదిలో కేంద్రం నడిపే ఆమె రావాలి. గర్భిణులూ చంటిబిడ్డల తల్లులూ రావాలి, వారి అత్తలు వస్తే ఇంకా మంచిది. నెలనెలా జరిగే సెక్టార్ సమావేశంలో ఈ చర్చ పెట్టేద్దామని మీకు అనిపించవచ్చు. దయచేసి అలా చేయకండి. సూపర్‌వైజరూ, ప్రాజెక్టు అధికారి అయిన సీడీపీఓ ఎదురుగా ఉన్నప్పుడు, ఈ యాప్ నాకు చేతకావడం లేదని ఏ కార్యకర్తా అనదు. అన్న మరుసటి రోజు ఆమెకు మెమో రాదన్న హామీ లేదు. చర్చ వేరే చోట జరగాలి, అక్కడ అన్న మాట ఎవరి సర్వీసు రికార్డులోకీ వెళ్లకూడదు, సంఘాల ప్రతినిధులకు అందులో హక్కుగా చోటుండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన సమ్మె తర్వాత అంగన్‌వాడీలకు మాట్లాడటం రాదని ఎవరూ అనుకోరు. వాళ్లతో మాట్లాడే వేదిక రోడ్డు మీద కాకుండా రూపకల్పన బల్ల దగ్గర ఉండాలి.

రెండో సంగతి డబ్బు. కార్యకర్త గౌరవ వేతనం ఆంధ్రప్రదేశ్‌లో 11,500 రూపాయలు, తెలంగాణలో 13,650 రూపాయలు. ఆ చర్చలో నాలాంటి రూపకర్తకు గంటల లెక్కన రుసుము ఇచ్చి, ఆమెకు టీ ఇచ్చి పంపడం న్యాయం కాదు. ఆమె ఇస్తున్నది పరిజ్ఞానం. దానికి రోజు కూలి కన్నా మెరుగైన పారితోషికం, దారి ఖర్చు, ఆ రోజు కేంద్రం మూతపడకుండా వేరొకరి ఏర్పాటు ఉండాలి. కూలి మానుకొని వచ్చిన తల్లికీ అంతే. ఈ ఖర్చును టెండరు పత్రంలోనే ఒక పద్దుగా చూపాలి. లేకపోతే ఏ సంస్థా సొంతంగా ఆ ఖర్చు పెట్టుకోదు.

మూడోది అన్నింటికన్నా ముఖ్యమైనది, మీకు అన్నింటికన్నా కష్టమైనది కూడా. వారు చెప్పిన ప్రతి అభ్యంతరానికీ మీరు రాతపూర్వకంగా జవాబివ్వాలి: ఇది ఒప్పుకున్నాం, ఇది ఒప్పుకోలేదు, కారణం ఇది. ఆ పత్రాన్ని తెలుగులో ప్రచురించాలి. తల్లీబిడ్డల చేతికి ఆహారం అందకుండా ఆపగలిగే మార్పు ఏదైనా ఉంటే, ఆ బృందం ఒప్పుకునేదాకా దాన్ని తప్పనిసరి చేయకూడదు. ఇందులో మీ అధికారానికి భంగం ఏమీ లేదు. చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని 2014లో కేంద్ర ప్రభుత్వమే విధానం చేసుకుంది. విధానాల రూపకల్పనలో ప్రజలతో సంప్రదించే ఏర్పాటు ఏమున్నదో ప్రతి శాఖా తనంతట తానే వెల్లడించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. ఒక గ్రామంలోని గర్భిణికి సంబంధించినంత వరకు, యాప్‌లోని ఒక తప్పనిసరి గడికి ఉన్న బలం చాలా చట్టాలకు లేదు. చట్టానికి అక్కర్లేదనుకోని సంప్రదింపు యాప్‌కు ఎందుకు అక్కర్లేదో నాకు అర్థం కాలేదు.

ఇలా సంప్రదిస్తే ఆలస్యమవుతుందన్న మాటకు జవాబు, అలవాటు పడుతుండగానే పక్కనపెట్టిన ఐసీడీఎస్-క్యాస్ చరిత్రలోనే ఉంది. దేశమంతటికీ ఒకే యాప్ ఉండాలన్న అవసరాన్ని కాదనను. లెక్కల వరుస ఒకటిగా ఉండవచ్చు, ముఖం కలవనప్పుడు ఏం చేయాలన్న దారి మన్యంలో ఒకటీ హైదరాబాద్ పాతబస్తీలో ఒకటీ ఉంటే నష్టమేమీ లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ముఖ గుర్తింపు విఫలమైనప్పటి దారితోనే మొదలుపెట్టమంటాను. మూడు చోట్లు ఎంచుకోండి: ఏజెన్సీలో ఒక మండలం, వలసలు ఎక్కువగా ఉన్న ఒక మండలం, నగరంలో ఒక ఐసీడీఎస్ ప్రాజెక్టు. మీ సాంకేతిక బృందంలో నిర్ణయాలు తీసుకునే స్థాయి వారే స్వయంగా సరుకు పంచే రోజున అక్కడ ఉండాలి, ప్రతినిధులను పంపకూడదు. ఆ తర్వాత కార్యకర్తలతోనూ తల్లులతోనూ కలిసి కాగితం మీద కొత్త దారి గీసి, ఆ కాగితాలతోనే ఒక పంపిణీ రోజు నడిపి చూడండి. ఆ పని ముగిసేదాకా, ముఖం కలవలేదనో ఓటీపీ రాలేదనో సిగ్నల్ లేదనో ఏ తల్లినీ వట్టి చేతులతో పంపవద్దనీ, కార్యకర్త సంతకంతో సరుకు ఇచ్చి తర్వాత నమోదు చేసుకోవచ్చుననీ, అలా ఇచ్చినందుకు కార్యకర్త మీద ఏ చర్యా ఉండదనీ ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వండి. ఉత్తర్వును తెలుగులో ఇచ్చి, ప్రతి కేంద్రం గోడ మీద అంటించండి. సరుకు కోసం వచ్చిన తల్లి దాన్ని వేలితో చూపించి అడగగలగాలి.

ఈ పనికి మా వృత్తిలో ఉన్న తెలుగువారు చాలామంది తమ సమయం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు, నేనూ ఉన్నాను. మొదటి సమావేశం ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరిని పిలుస్తున్నారో బహిరంగంగా ప్రకటిస్తారని ఆశిస్తూ,

భవదీయ,
అంగన్‌వాడీల మేలు కోరే ఒక సాఫ్ట్‌వేర్ రూపకర్త